గురువారాల కొలతలు

పోయిన వారం పిచ్చుకను ల్యాబ్ గుమ్మంలో, చేతిలో ఓ చీటీతో వదిలేసి వచ్చాం. ఆ చీటీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చెమటకి నలిగి గుడ్డముక్కలా మెత్తబడింది.

ఒకచోట నిలవని మనిషి కాబట్టి చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు పిచ్చుక. చీటీ మీద ఉన్నది ఆ అక్క రక్తం సంగతే. పరీక్ష చేసిందీ, కింద సంతకం పెట్టిందీ పిచ్చుకే.

ఆటల హాలును కరోనా ఆస్పత్రిగా మార్చినప్పటి నుంచి అక్కడ మూడు అంకెలే మనిషి తలరాత. జ్వరం ఎంత, వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎంత, రక్తంలో మంట ఎంత. ఒంట్లో వాపు రేగితే రక్తంలో ఒక ప్రోటీన్ పెరుగుతుంది. దాన్నే ల్యాబ్‌లో అందరూ మంట అంకె అంటారు. అక్కకి జ్వరం లేదు. మంట అంకె దాదాపు సున్నా. ఆక్సిజన్ ఒక్కటే ఎనభై తొమ్మిది చూపించింది. డ్యూటీ డాక్టరు అక్క వేళ్ళు చూశాడు. పదేళ్ళ కీళ్ళవాతంతో కణుపులు వాచి, కొసలు చల్లబడి, పక్కకి వాలిపోయిన వేళ్ళు. "ఇలాంటి వేళ్ళకి క్లిప్పు సరిగ్గా పట్టదు. రక్తం శుభ్రంగా ఉంది, అది చాలు," అని ఆకుపచ్చ స్టాంపు కొట్టి, జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్ళని ఉంచే హాస్టల్ గదులకి పంపించేశాడు.

ఆ శుభ్రతే పిచ్చుకకి మింగుడు పడలేదు. పడిశం పట్టినా కాస్తో కూస్తో పెరిగే అంకె అది. ఆరు రోజులుగా దగ్గుతున్న మనిషికి ఇంత చల్లటి రక్తమా? ఏదో దాన్ని కింద అదిమి పట్టి ఉంచుతోంది. అలా అదిమి పట్టేది ఆమెకి తెలిసి ఒక్కటే. అక్క కీళ్ళకోసం వారానికోసారి పొట్టమీద పొడుచుకునే, పెన్నులాంటి ఇంజెక్షన్. అది వాపుని ఆపుతుంది. వాపుతోపాటు జ్వరాన్నీ, మంట అంకెనీ మూసిపెడుతుంది. లోపల వైరస్ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

కానీ ఆ ఇంజెక్షన్ మానేసి మూడు నెలలైందని ఇంటిల్లిపాదీ చెబుతున్నారు.

"అనుమానం మీద మంచం ఇవ్వలేనమ్మా," అన్నాడు డాక్టరు. "ఆక్సిజన్ మంచం ఒక్కటే మిగిలింది. నాలుగింటికి జాబితా మూసేస్తాను. ఆ మందు ఇంకా వాడుతోందని ఏదైనా ఆధారం చూపించు, మళ్ళీ మొదటినుంచి చూస్తాను."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

పిచ్చుక మెట్లు దిగుతూనే అక్కకి ఫోన్ చేసింది. తొమ్మిదిసార్లు మోగాక ఎత్తింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. ఇంజెక్షన్ వేసుకుంటున్నావా?"

"లేదే."

"ఒక్కటైనా?"

"మానేశాను... కదా. అందరూ... కూర్చుని చెప్పాక." మాటకీ మాటకీ మధ్య గాలికోసం వెతుక్కుంటోంది. "నువ్వు అన్నం తిన్నావా?"

"నా అన్నం సంగతి వదిలెయ్. నిజం చెప్పవే."

"మానేశాను," అంది అక్క, గట్టిగా. వెంటనే దగ్గు ముంచుకొచ్చింది. లైను తెగిపోయింది.

అక్క అబద్ధం చెప్పేటప్పుడు తిండి గురించి అడుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పిచ్చుక స్కూటర్ తీసింది.

* * *

బావ లిఫ్టు మెకానిక్కు. ఆయన ఉండే భవనంలో మాత్రం లిఫ్టు లేదు. ఈ విషయం మీద ఆయన వేసే జోకులు పదిహేనేళ్ళుగా వింటూనే ఉంది పిచ్చుక. ఇవాళ మూడో అంతస్తు గుమ్మంలో నిలబడ్డ మనిషి జోకు వేసే స్థితిలో లేడు. రెండుసార్లు పరీక్ష చేసినా ఆయనకి వైరస్ లేదనే వచ్చింది. అయినా మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకున్నాడు.

"అక్కకెలా ఉంది?"

"నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది బావా. ఇంజెక్షన్లు నిజంగా పారేశావా?"

"ఇదేం ప్రశ్న? నీ కళ్ళముందే కదా పెట్టె తీసుకెళ్ళి చెత్తబండిలో వేశాను."

"పెట్టె తెరిచి చూశావా?"

"మూత అంటించి ఉంది. తెరవడమెందుకు?" ఆయన గొంతు లేచింది. "అసలు ఆ రోజు మొదలుపెట్టింది ఎవరు? ఆ మందు ఒంట్లో కాపలావాళ్ళని జోకొట్టి పడుకోబెడుతుంది, ఇప్పుడు వైరస్ వస్తే అడ్డుపడే నాథుడుండడు అన్నది ఎవరు? నేనా? లిఫ్టుల గురించి అడుగు, చెబుతాను. మందుల గురించి నాకేం తెలుసు? ల్యాబ్‌లో పనిచేసేది నువ్వు. నువ్వు చెప్పావు, నేను పారేశాను."

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. ఆ రోజు ఈ గదిలోనే, ఇదే బల్లకి ఆనుకుని, ఏ కీళ్ళ డాక్టరునీ అడగకుండా, నాలుగు చీటీలు చదివిన తెలివితో తీర్పు చెప్పింది తనే. అక్క మారుమాట్లాడకుండా తలూపింది. ఎప్పుడూ ఏదో ఒకటి వాదించే అక్క అంత సులువుగా తలూపిందేమిటని అప్పుడు ఒక్కరికీ అనిపించలేదు.

"ఫ్రిజ్ చూడనియ్యి."

"చూసుకో. రోజూ నేను చూస్తూనే ఉన్నాను. మళ్ళీ తెచ్చుకుంటుందేమోనని."

ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు, సగం కోసిన నిమ్మకాయ, పాలగిన్నె. ఎప్పుడూ ఇంజెక్షన్ పెన్నులు ఉండే తలుపు అరలో ఇప్పుడు గుడ్లున్నాయి. పిచ్చుక కూరగాయల అర లాగింది, మంచుగడ్డ గీకి చూసింది, పాలగిన్నె వెనక చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. రెండూ యాభై అయింది.

"నేను చెప్పేది విను," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "మానేసిందనడానికి ఆధారం కావాలంటే నేను చూపిస్తాను. మానేశాక ఇంకా బావుంది మీ అక్క. కీళ్ళనొప్పి మాటే ఎత్తలేదు. పోయిన వారం సోమవారం ఒక్కరోజులో మీ హాలువాళ్ళ గౌన్లు అరవై కత్తిరించింది. అదిగో, చూడు."

అక్క కటింగ్ మాస్టరు. ముందుగదిలో సగం ఆమె బల్లే ఉంటుంది. దాని మీద నీలం గుడ్డ దొంతర్లుగా పేర్చి ఉంది. ఎనిమిదేసి మడతలు ఒక్కసారే కోసిన ముక్కలు. చంక దగ్గర వంపు కూడా ఎక్కడా తెగకుండా, ఒకే కోతలో తిరిగింది. పక్కనే ఆమె కత్తెర. మూరెడు పొడవు, ఇనప పిడి. పిచ్చుక దాన్ని ఎత్తి వేళ్ళు దూర్చి ఒకసారి తెరిచి మూసింది. ఆరోగ్యంగా ఉన్న తన బొటనవేలి మొదట్లోనే కలుక్కుమంది.

కత్తెర పట్టుకునే ఆమె బావవైపు తిరిగింది.

"బావా. రెండేళ్ళ కిందట ఆ ఇంజెక్షన్ దొరక్క ఐదు వారాలు ఆగిపోయింది. గుర్తుందా?"

ఆయన మాస్కు పైకి లాక్కున్నాడు.

"ఐదో వారానికి ఏమైంది?"

"...కొళాయి తిప్పలేకపోయింది."

"ఇంకా?"

"బొత్తాలు నేను పెట్టేవాణ్ణి. తల నేనే దువ్వాను." ఆయన చూపు బల్లమీది దొంతర్ల దగ్గర ఆగిపోయింది. "జడ వెయ్యడం రాక ముడి పెడితే, గోనెసంచి కట్టినట్టు ఉందని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది."

"ఐదు వారాలకి అలా అయిన చేతులు, మూడు నెలలు మందు లేకుండా ఎనిమిది మడతలు కోశాయా?"

బావ గోడకి జారబడ్డాడు. ఆ దొంతర్లని మూడు నెలలుగా ఆయనే మోసి బండిలో పెడుతున్నాడు. పెళ్ళాం బావుందన్న సంతోషం ఎందుకు బావుందన్న ప్రశ్నని మింగేసింది.

"నాతో చెప్పలేదు," అన్నాడు చివరికి. "నాతో కూడా చెప్పలేదు చూడు."

"చెబితే మళ్ళీ చెత్తబండిలో వేస్తావని. నేను పక్కనే నిలబడి తలూపుతానని. అది తర్వాత తేల్చుకుందాం. ఎక్కడ దాచి ఉంటుంది? చల్లగా లేకపోతే ఆ మందు పాడవుతుంది. అక్క కుట్టు దుకాణంలో ఫ్రిజ్ ఉందా?"

"ఎక్కడిది. దుకాణం మూసి ఎన్నాళ్ళైందని. మీ అక్క గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. గురువారాలు పైకి వెళ్ళేదంతే."

"పైకి ఎందుకు?"

"టీచరమ్మ బట్టలకి కొలతలు తియ్యడానికి."

"ప్రతి గురువారమా?"

"ఆ, ప్రతి గురువారం."

పిచ్చుక కత్తెర బల్లమీద పెట్టింది. "మూడు నెలలు ఒక్క మనిషికి కొలతలేమిటి బావా? టీచరమ్మ వారం వారం పెరుగుతోందా?"

* * *

నాలుగో అంతస్తులో ఉండే టీచరమ్మ లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒంటరిది. భవనంలో సగం మంది ఆవిడ దగ్గర చెవి మెలి పెట్టించుకున్నవాళ్ళే. తలుపు తీసి, పిచ్చుకని చూసి, దారి ఇవ్వకుండా నిలబడింది.

"మీ అక్క నా దగ్గర ఏమీ పెట్టలేదు," అంది.

"నేనింకా ఏమీ అడగలేదు టీచరుగారూ."

టీచరమ్మ పెదవి కొరుక్కుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి, తన అబద్ధం దగ్గరికొచ్చేసరికి మొదటి మెట్టుమీదే జారింది.

"మాటిచ్చాను. మీ అక్కకి."

"అక్కకి ఊపిరి ఆడటం లేదు. మీరు ఆ మాట నిలబెట్టుకుంటే అక్క నిలబడదు."

ఆవిడ తలుపు వదిలేసింది. లోపలికి నాలుగడుగులు వేసి, కుర్చీ వీపు పట్టుకుని ఆగింది. ఫ్రిజ్‌వైపు వేలు చూపించింది. "కింద అర. కూరలు తియ్యి. వాటి వెనక."

నీలం గుడ్డముక్కలో చుట్టిన ఒక పెన్ను. నిండుగా ఉంది. గుడ్డ మీద అక్క సుద్దగీత.

"వాడేసినవి?"

"బిస్కెట్ల డబ్బాలో. చెత్తలో వెయ్యొద్దంది. మీ బావ కంట పడతాయని."

డబ్బా మూత తీస్తే పదకొండు ఖాళీ పెన్నులు, వరసగా, తరగతి గదిలో సుద్దముక్కలు పేర్చినట్టు. మూతకి లోపలివైపు గళ్ళు గీసిన ఒక అట్టముక్క అంటించి ఉంది. తేదీలన్నీ గురువారాలే. ప్రతి తేదీ పక్కనా ఒక గుర్తు. చివరిది పోయిన గురువారం. అంటే ఐదు రోజుల కిందట. దగ్గు మొదలైన మర్నాడు.

"ఫ్రిజ్‌లో పన్నెండుండేవి," అంది టీచరమ్మ. ఒక్కో మాటా చూసుకుని పెడుతోంది. "మీరందరూ కూర్చుంటారని ముందే తెలుసు దానికి. ముందురోజే పైకి తెచ్చేసింది. పాత ఖాళీవి పెట్టెలో వేసి, మూత అంటించింది."

బావ పారేసింది ఖాళీ పెన్నుల్ని. ఇంకెప్పుడైనా అయితే పిచ్చుక పడీపడీ నవ్వేది. ఇప్పుడు అట్టముక్కనీ, డబ్బానీ, నిండు పెన్నునీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి డాక్టరుకి పంపి, వెంటనే ఫోన్ చేసింది. మూడూ పాతిక.

"చూశాను," అన్నాడు డాక్టరు. హాలులో మంచాల చక్రాల చప్పుడు వినిపిస్తోంది. "అంటే జ్వరం లేకపోవడం కూడా మందు పనే. నేను తప్పు అంకెని నమ్మాను."

"సంతకం నాదే సార్."

"స్టాంపు నాది. లైనులో ఉండు. హాస్టల్ నర్సుకి చెవికి పెట్టే క్లిప్పు ఇచ్చి పంపుతున్నాను. వేలు వద్దు."

ఎన్ని నిమిషాలు గడిచాయో. పిచ్చుక కిటికీ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఆ నడకనే చూస్తోంది. గోడకి అచ్చమైన తరగతి గది గడియారం. దాని ముల్లు టక్కుమన్నప్పుడల్లా పిచ్చుక భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"ఎనభై ఆరు," అన్నాడు డాక్టరు ఫోన్‌లో. "వేలికి పెట్టిన క్లిప్పు కూడా నిజమే చెప్పింది. మనమే వినలేదు. ఆమెని తేవడానికి అంబులెన్సు వెళ్ళింది. ఆ ఆఖరి మంచం మీ అక్కకే అనుకుంటున్నాను. పేరు రాసే ముందు ఒక్క అనుమానం తీర్చు."

"అడగండి సార్."

"ఆ అట్టమీద గుర్తులు రెండు రంగుల్లో ఎందుకున్నాయి?"

పిచ్చుక మళ్ళీ చూసింది. నిజమే. ఒక గురువారం నీలం గుర్తు. బట్ట మీద గీసే సుద్దపెన్సిల్‌ది, అక్కదే. తర్వాతి గురువారం ఎర్రసిరా గుర్తు. మళ్ళీ నీలం. మళ్ళీ ఎరుపు. టీచరమ్మ సరిచూసి పెట్టిన టిక్కులనుకుంది ఇందాక. లెక్కల టీచరు కదా, అలవాటు పోక దిద్దిందనుకుంది. కానీ ఏ ఒక్క తేదీ పక్కనా రెండు రంగులూ లేవు. నీలాలు ఆరు. ఎరుపులు ఐదు.

తల ఎత్తి టీచరమ్మ చేతులవైపు చూసింది. ఇందాకటి నుంచీ ఆవిడ వాటిని కొంగు కింద దాచుకుని ఉంది.

"చేతులు చూపించండి టీచరుగారూ."

"ఎందుకులే."

"చూపించండి."

కొంగు జారింది. అవే కణుపులు. అవే పక్కకి వాలిన వేళ్ళు. సుద్దముక్క పట్టుకుని పట్టుకుని ఇలా అయ్యాయని భవనంలో అందరూ అనుకునేవాళ్ళు.

"నాకు దొరకలేదు," అంది టీచరమ్మ. "కరోనా వచ్చినవాళ్ళకి కూడా... ఆ మందే వాడుతున్నారట. మందుల దుకాణాల్లో లేదు. మీ అక్క తనవి... సగం నాకిచ్చింది. ఒక వారం అది. ఒక వారం నేను. సగం మందుతో ఇద్దరం... నెట్టుకొచ్చాం." ఊపిరి తీసుకుంది. "నీకు అందుకే చెప్పలేదు. చెబితే నా సంగతి... బయటపడుతుందని."

మాటకీ మాటకీ మధ్య ఆ ఆగడం. పిచ్చుక దాన్ని పెద్దరికమనుకుంది. తలుపు దగ్గర నిలబడింది దారి ఇవ్వడం ఇష్టం లేక అనుకుంది. నాలుగడుగులకి కుర్చీ పట్టుకుంది వయసు వల్ల అనుకుంది. గురువారం గురువారం అక్క గంటసేపు కూర్చుని వెళ్ళిన గది ఇది. దగ్గు మొదలైన మర్నాడు కూడా.

"జ్వరం లేదు నాకు," అంది టీచరమ్మ, ఆమె చూపు అర్థం చేసుకుని. "పొద్దున్నే చూసుకున్నాను. ఏం లేదు."

"అక్కకీ లేదు," అంది పిచ్చుక.

తన ల్యాబ్ సంచిలోంచి ఆక్సిజన్ క్లిప్పు తీసింది. ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మంచులా ఉన్న ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడేదాకా రుద్దింది. ఇంకాసేపు రుద్దింది. వేలు చల్లగా ఉందన్న సాకు ఈసారి ఎవ్వరికీ మిగలకూడదు. బొటనవేలికి క్లిప్పు తగిలించింది.

అంకె వెలిగింది. డెబ్భై ఎనిమిది. డెబ్భై తొమ్మిది. ఎనభై. ఎనభై ఒకటి. ఎక్కు, ఇంకా ఎక్కు, అనుకుంది. అది అక్కడే నిలిచిపోయింది.

"పిచ్చుకా," అన్నాడు డాక్టరు. ల్యాబ్‌లో అందరూ పిలిచే పేరుతో ఆయన పిలవడం ఇదే మొదటిసారి. "పక్కన ఇంకో మనిషి గొంతు వినిపిస్తోంది. ఆవిడ కూడా అదే మందు వాడుతోందా? నాలుగింటికి ఏడు నిమిషాలుంది. నా ముందు ఒక్క గడి ఖాళీగా ఉంది. ఆవిడకెంత ఉందో చెప్పు."

క్లిప్పు అద్దం పిచ్చుకవైపే ఉంది. డాక్టరుకి కనిపించదు. ఈ భవనంలో ఆ అంకె చదవగలిగింది ఆమె ఒక్కతే.

కాదు, ఇంకొకరు కూడా ఉన్నారు. టీచరమ్మ మెడ వంచి తలకిందులుగా ఉన్న అంకెను చదివేసింది. పిల్లల పలకల మీద లెక్కల్ని అలా తలకిందులుగానే చదివిన మనిషి. వంకర తిరిగిన వేళ్ళతో పిచ్చుక మణికట్టు పట్టుకుంది. ఫోన్‌కి వినబడకుండా, పెదవులు మాత్రం కదిపి చెప్పింది.

"తొంభై ఆరని చెప్పు. సంతకం నేను పెడతాను."

"ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు.

పిచ్చుక నోరు తెరిచింది.